కాలేయం కుదిరింది, నాళం సంగతేమిటి?



బోడుప్పల్‌లో, వరంగల్ హైవేకు దగ్గరగా ఉన్న ఒక కాలనీలో నేను జనరల్ ఫిజీషియన్‌గా వైద్యం చేస్తున్నాను. కాలేయ మార్పిడి ఆపరేషన్లు నేను చేయను. అవి పంజాగుట్టలో, లక్డీకాపూల్‌లో, సికింద్రాబాద్‌లో, గచ్చిబౌలిలో ఉన్న పెద్దాసుపత్రుల్లో జరుగుతాయి. ఉస్మానియా ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద పేదవాళ్లకు కూడా చేస్తున్నారు. అయితే ఆపరేషన్ ఎక్కడ జరిగినా, కుట్లు మానాక మనిషి తిరిగొచ్చేది ఇంటికే. ఉప్పల్‌లో మెట్రో దిగి, ఆటో ఎక్కి బోడుప్పల్‌కో, పీర్జాదిగూడకో, మేడిపల్లికో చేరతాడు. ఆ తర్వాత ఒంట్లో నలతగా ఉన్నా, జ్వరం తగిలినా, దురద పుట్టినా ముందు తొక్కేది మా గడపే. అందుకే ఈ విషయం మాట్లాడాలనుకున్నాను. మార్పిడి తర్వాత పైత్యరస నాళానికి ఇబ్బందులు వస్తాయి. అవి ఎవరికి వచ్చే అవకాశం ఎక్కువో చాలావరకు ముందే చెప్పవచ్చు. ఆ ముందుమాట పెద్దాసుపత్రి ఫైల్లోనే ఉండిపోతోంది. రోగితో పాటు అది మా బోడుప్పల్ దాకా రావాలన్నది నా తపన.

కాలేయం రోజుకు దాదాపు ముప్పావు లీటరు పైత్యరసం తయారుచేస్తుంది. తిన్న కొవ్వు అరగడానికి అది కావాలి. రక్తంలోని బిలిరుబిన్ బయటికి పోయే దారి కూడా అదే. కాలేయం లోపల సన్నసన్నని నాళాలు వేలకొద్దీ పుట్టి, ఒకదానితో ఒకటి కలుస్తూ, చివరికి కుడి నుంచి ఒకటి, ఎడమ నుంచి ఒకటి బయటికొస్తాయి. ఆ రెండూ ఏకమై చిన్నపేగులోకి దిగుతాయి. మార్పిడిలో డాక్టర్లు కొత్త కాలేయానికి రక్తనాళాలు అతికించాక, చిట్టచివర ఈ పైత్యరస నాళాన్ని కుడతారు. అప్పటికి గంటల తరబడి నిలబడి పనిచేసి ఉంటారు. మిగిలిన ఆ కుట్టు చాలా సన్నదారంతో వేయాల్సిన కుట్టు.

కాలేయ మార్పిడి చరిత్ర మొదటినుంచీ ఈ నాళంతోనే ముడిపడి ఉంది. 1963 మార్చి 1న అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ ప్రపంచంలోనే తొలిసారి మనిషికి కాలేయం మార్చడానికి పూనుకున్నారు. రోగి మూడేళ్ల పసివాడు. పైత్యరస నాళాలు సరిగా ఏర్పడకుండానే పుట్టిన బిడ్డ. రక్తస్రావం ఆగక ఆపరేషన్ బల్ల మీదే కన్నుమూశాడు. మార్పిడి చేసిన రోగిని ఏడాదికి పైగా బతికించగలగడం స్టార్జల్‌కు 1967లో గాని సాధ్యం కాలేదు. మన దేశంలో తొలి విజయం 1998 నవంబరులో ఢిల్లీ అపోలో ఆసుపత్రిలో. అక్కడా రోగి అదే జబ్బున్న పసివాడే. తండ్రి తన కాలేయంలో ముక్క ఇచ్చాడు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి సర్జన్ రాయ్ కాన్ 1968లో ఈ ఆపరేషన్లు మొదలుపెట్టారు. రక్తనాళాలు కలపడంలో చేయి తిరిగాక కూడా ఆయన్ను పైత్యరస నాళమే వేధించింది. 1976లో దాత పిత్తాశయాన్నే మధ్యలో గొట్టంగా వాడే పద్ధతిని కూడా ప్రయత్నించి చూశారు. అంత పెద్ద సర్జన్లు అన్నేళ్లు తలబద్దలు కొట్టుకున్న చోటు అది.

ఎందుకంత మొండి? కారణం రక్తం అందే తీరులో ఉంది. కొన్ని పొలాలకు చెరువు నీళ్లూ వస్తాయి, బోరు నీళ్లూ వస్తాయి. ఒకటి తగ్గినా ఇంకోటి ఆదుకుంటుంది. కాలేయం అలాంటి పొలం. పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ముప్పాతిక వంతు రక్తం తెస్తుంది, మిగతాది కాలేయ ధమని తెస్తుంది. పైత్యరస నాళానికి మాత్రం బోరు ఒక్కటే, అంటే ధమని ఒక్కటే. ధమనిలో రక్తం గడ్డకడితే కాలేయ కణజాలం పోర్టల్ సిర మీద ఎలాగోలా నెట్టుకురావచ్చు గాని, నాళం ఎండిపోతుంది.

ఇంకో చిక్కుంది. 1979లో నార్తోవర్, టెర్‌బ్లాంచ్ అనే ఇద్దరు డాక్టర్లు మనిషి పైత్యరస నాళం చుట్టూ ఉండే సన్నని ధమనుల్లోకి రెజిన్ ఎక్కించి, గట్టిపడ్డాక అచ్చు తీసి చూశారు. ఆ నాళానికి అందే రక్తంలో దాదాపు 60 శాతం కింది నుంచి, అంటే చిన్నపేగు వైపు నుంచి పైకి ఎక్కుతోందని తేలింది. పై నుంచి, కాలేయం వైపు నుంచి దిగేది 38 శాతం. దాత దగ్గర కాలేయం తీసేటప్పుడు నాళాన్ని కోయక తప్పదు. కోయగానే దాత నాళానికి కింది సరఫరా పూర్తిగా తెగిపోతుంది. రోగి శరీరంలో కుట్టాక ఆ మొన పై నుంచి వచ్చే కొద్దిపాటి రక్తం మీదే బతకాలి. అందుకే సర్జన్లు దాత నాళాన్ని వీలైనంత పొట్టిగా ఉంచుతారు, దాని చుట్టూ ఉన్న మెత్తని కణజాలాన్ని ఒలవకుండా వదిలేస్తారు.

మన దగ్గర పరిస్థితి ఇంకొంచెం కష్టం. మన దేశంలో ఎక్కువ కాలేయాలు బతికున్న దాతలవే. భార్యో, తల్లో, అక్కచెల్లెళ్లో, కొడుకో, కూతురో ఇస్తారు. ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్లకైతే మామూలుగా దాత కాలేయంలోని కుడి భాగాన్ని తీసుకుంటారు. మిగిలింది దాత ఒంట్లో కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. కుడి భాగపు నాళాలు పుస్తకంలో బొమ్మలా అందరిలోనూ ఒకేలా ఉండవు. పదిమందిలో సుమారు ఆరుగురిలో మాత్రమే పుస్తకంలో ఉన్నట్టు ఉంటాయి. మిగతావాళ్లలో కుడి వెనక నాళం ఎడమవైపు వెళ్లి కలవడమో, మూడు నాళాలు ఒకే చోట కలవడమో ఉంటుంది. అలాంటి కాలేయాన్ని విడదీస్తే కోతలో ఒక రంధ్రం బదులు రెండో మూడో తేలతాయి. ఒక్కొక్కటి మూడు నాలుగు మిల్లీమీటర్లు. ప్రతి రంధ్రాన్నీ రోగి నాళానికో, పేగుకో కలపాలి. కుట్లు ఎన్నయితే గండాలు అన్ని.

గండాలు ప్రధానంగా రెండు. మొదటిది కారడం. కుట్టు దగ్గర గాని, కోసిన తలం నుంచి గాని పైత్యరసం పొట్టలోకి కారుతుంది. ఇది ఎక్కువగా మొదటి నెలలోనే బయటపడుతుంది. రెండోది సన్నబడటం. కుట్టు మానేటప్పుడు మచ్చ బిగుసుకుని దారి మూసుకుపోతుంది. ఇది నిదానంగా, ఎక్కువమందిలో మొదటి ఏడాది లోపల వస్తుంది. కుట్టు దగ్గర కాకుండా కాలేయం లోపలి నాళాలే అక్కడక్కడా సన్నబడితే అది మరీ మొండి రకం, చివరికి మళ్లీ మార్పిడి దాకా పోవచ్చు. ఎంతమందికి వస్తాయన్నది ఆసుపత్రిని బట్టి, పద్ధతిని బట్టి మారుతుంది. బతికున్న దాత కాలేయం పొందినవాళ్లలో నూటికి పది మంది నుంచి ముప్పై మంది దాకా ఈ తిప్పలు పడ్డట్టు ప్రపంచమంతటి నివేదికలు చెబుతున్నాయి. అరుదైన సంగతి కాదు.

ఈ మధ్య నా దగ్గరికొచ్చిన ఒక మనిషి గురించి చెబుతాను. ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసేవాడు, నలభై దాటాయి. కాలేయ మార్పిడి జరిగి ఎనిమిది నెలలు. భార్యే కుడి భాగం ఇచ్చింది. ఇద్దరూ కలిసి వచ్చారు. "ఒక్కటే దురద సార్, రాత్రంత నిద్ర వడ్తలేదు" అన్నాడు. చొక్కా చేతులు పైకి మడవమంటే మోచేతుల నుంచి మణికట్టు దాకా గీరిన చారలు. కొన్ని ఎండిపోయాయి, కొన్ని ఇంకా పచ్చిగా ఉన్నాయి. మాట్లాడుతూనే అరచేతిని గోళ్లతో గీక్కుంటున్నాడు. కళ్లు తెల్లగానే ఉన్నాయి. నొప్పి లేదు, జ్వరం లేదు, అన్నం బాగానే తింటున్నాడు. "ఎండలకు చెమటకాయలనుకున్నం సార్, పౌడర్ రాస్కుంటుండు" అంది ఆమె. మందుల షాపులో అలర్జీ గోలీలు ఇచ్చారట. దురద పోలేదు.

రిపోర్టుల సంచీ తీసి, తేదీల వరుసలో బల్ల మీద పరిచాను. బిలిరుబిన్ ప్రతిసారీ మామూలుగానే ఉంది. దాని కింద ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము మాత్రం మొదట 118, తర్వాత 190, ఆ తర్వాత 265, ఈసారి 410. "ఇది పెరుగుతున్నది చూడలేదా అన్నా?" అని అడిగాను. "కామెర్లు లెవ్వు కద సార్, బిలిరుబిన్ నార్మలే ఉన్నదని ఊకున్న" అన్నాడు. అల్ట్రాసౌండ్ స్కాన్ కూడా చేయించుకున్నాడు. నాళాలు ఉబ్బలేదని అందులో రాసుంది. దాంతో ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత డిశ్చార్జి సమ్మరీ తిరగేశాను. ఆపరేషన్ వివరాల్లో రెండు నాళాలు ఉన్నాయని, రెంటినీ విడివిడిగా కలిపామని రాసుంది. ఇంకో పేజీలో, రెండో వారంలో పైత్యరసం కారిందని, డ్రెయిన్ గొట్టం ఉంచితే దానంతటదే ఆగిందని ఉంది. ఆ రెండు వాక్యాలు చదివాక నా అనుమానం నాళం మీదికే పోయింది. ఈ మనిషికి నాళం సన్నబడే అవకాశం మిగతావాళ్లకంటే ఎక్కువన్న సంగతి డిశ్చార్జి నాడే ఆ కాగితం మీద ఉంది. ఎనిమిది నెలలుగా ఆ సంచీలోనే ఉంది.

అదే రోజు అతన్ని మార్పిడి చేసిన డాక్టర్ల దగ్గరికి పంపాను. ఎంఆర్‌సీపీ అనే నాళాల స్కాన్ తీస్తే రెండు కుట్లలో ఒకటి దారంలా సన్నబడిందని తేలింది. ఎండోస్కోపీ ద్వారా బెలూన్‌తో వెడల్పు చేసి స్టెంట్ పెట్టారు. వారం తిరిగేసరికి దురద తగ్గి నిద్ర పట్టింది.

ఇందులో రెండు మూడు సంగతులు విడమరచి చెప్పాలి. మార్చిన కాలేయానికి పాత నరాల సంబంధం ఉండదు, ఆపరేషన్‌లో అవి తెగిపోతాయి. కాబట్టి నాళం మూసుకుపోతున్నా, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లకు వచ్చేలాంటి నొప్పి రాకపోవచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే టాక్రోలిమస్ లాంటి మందులు, స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లలో జ్వరం కూడా గట్టిగా కనపడదు. మార్చిన కాలేయంలో నాళాలు మామూలు కాలేయంలోలా ఉబ్బకపోవచ్చు. అందుకని అల్ట్రాసౌండ్ బాగుందంటే నాళం బాగున్నట్టు కాదు. స్కాన్ బాగుండి ఎంజైములు పెరుగుతుంటే ఎంఆర్‌సీపీ తీయాల్సిందే. ఇక బిలిరుబిన్ అన్నిటికంటే ఆలస్యంగా పెరుగుతుంది. దానికి ముందే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ అనే ఎంజైములు పెరుగుతాయి. కొన్ని ల్యాబుల్లో ఎల్‌ఎఫ్‌టీ అనే కాలేయ పరీక్షలో జీజీటీ చేయరు, ప్రత్యేకంగా అడగాలి. పరీక్ష ఎప్పుడూ ఒకే ల్యాబులో చేయించుకోండి. ఒక్క రిపోర్టులో నార్మల్ గీత దాటిందా లేదా అన్నదానికంటే, గత నెలకూ ఈ నెలకూ అంకె ఎటు నడుస్తోందన్నది ముఖ్యం. ఎంజైములు పెరిగిన ప్రతిసారీ నాళమే కారణమనుకోకూడదు. శరీరం కొత్త కాలేయాన్ని తిరస్కరిస్తున్నా ఇలాగే పెరగవచ్చు. అది తేల్చేది మార్పిడి డాక్టర్లే, ఒక్కోసారి బయాప్సీతో.

నాళానికి వచ్చే ఇబ్బందులను ముందుగా చెప్పడానికి ప్రపంచమంతటా పద్ధతులు వెతుకుతున్నారు. నన్ను బాగా ఆకట్టుకున్నది నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో జరిగిన పని. దాత నుంచి తీసిన కాలేయాన్ని ఐసుపెట్టెలో ఉంచడంతో ఊరుకోకుండా, యంత్రం మీద పెట్టి ఆక్సిజన్ కలిపిన ద్రవాన్ని దాని గుండా నడిపిస్తారు. అక్కడి బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో, గుండె ఆగిపోయిన దాతల కాలేయాలను మామూలుగా ఐసులో ఉంచితే నూటికి 18 మందికి లోపలి నాళాలు సన్నబడ్డాయి. యంత్రం మీద ఉంచినవాటిలో నూటికి ఆరుగురికే. యంత్రం మీద కాలేయాన్ని ఒంటి వేడికి తెచ్చినప్పుడు అది పైత్యరసం కూడా కారుస్తుంది. ఆ రసాన్ని పరీక్షిస్తారు. నాళాల లోపలి పొర బతికుంటే అది రసంలోకి బైకార్బొనేట్ కలుపుతుంది, గ్లూకోజును వెనక్కి పీల్చుకుంటుంది. క్షారగుణం ఉండి గ్లూకోజు తక్కువగా ఉంటే నాళం ఆరోగ్యంగా ఉన్నట్టు. కాలేయం రోగి ఒంట్లోకి వెళ్లకముందే దాని నాళాల బాగోగులు ఆ రసమే చెప్పేస్తుంది. ఇది చదివిన రోజు నాకెంత సంతోషమైందో చెప్పలేను.

అయితే ఆ లెక్కలు ఉన్నవున్నట్టు మనకు అతకవు. మన రాష్ట్రంలో 2013 నుంచి నిమ్స్ కేంద్రంగా నడుస్తున్న అవయవదాన పథకం జీవన్‌దాన్ ద్వారా వచ్చే కాలేయాలు దాదాపు అన్నీ, మెదడు చనిపోయి గుండె ఇంకా కొట్టుకుంటున్న దాతలవి. ఇక మిగతా మార్పిడుల్లో కాలేయాలు బతికున్న బంధువులవి. మన కష్టం ఎక్కువగా సన్నని నాళాలు, రెండు మూడు కుట్లు. కంప్యూటర్ నమూనాల విషయంలోనూ ఇదే మాట. దాత వయసు, కాలేయం ఐసులో ఉన్న గంటలు, నాళాల సంఖ్య, ధమని పరిస్థితి, మొదటి వారాల్లో కారడం, సీఎంవీ అనే వైరస్, రక్తపరీక్షల అంకెలు ఇస్తే గండం ఎంతో శాతంలో చెప్పే లెక్కలు చాలానే వచ్చాయి. ఏ ఊరి రోగులతో తయారుచేశారో ఆ ఊళ్లో బాగా పనిచేస్తాయి, ఊరు మారితే తడబడతాయి. హైదరాబాద్ రోగుల వివరాలతో, హైదరాబాద్ దాతల నాళాలతో సరిచూసిన లెక్క కావాలి. మన నగరంలో ఆపరేషన్లకు కొదవ లేదు, డాక్టర్ల నైపుణ్యానికీ లేదు. ఆసుపత్రులు తమ వివరాలు ఒకచోట కలిపితే ఆ లెక్క తయారుచేయడం కష్టం కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను.

శాతం అంటే రోగులు భయపడతారు. "ముప్పై శాతం అవకాశం ఉంది" అని డాక్టరంటే, ఇంటికెళ్లి తిండి మానేసి కూర్చునేవాళ్లను చూశాను. ఆ మాటకు అర్థం, మీలాంటివాళ్లు నూరుమంది ఉంటే ముప్పైమందికి వస్తుంది, డెబ్బైమందికి రాదు. మీరు ఏ వైపో ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగింది ఒకటే, పరీక్షల మధ్య ఎడం ఎంతుండాలని. గండం తక్కువ ఉన్న మనిషి డాక్టరు చెప్పిన మామూలు గడువుకు వెళితే సరిపోతుంది. ఎక్కువ ఉన్నవాళ్లు మొదటి ఏడాది తరచుగా రక్తం ఇవ్వాలి, చిన్న దురదనైనా చెప్పాలి.

తొందరగా దొరికితే మన ఊళ్లో చికిత్సకు లోటు లేదు. నోటి ద్వారా ఎండోస్కోపు పంపి నాళంలో పని చేసే విద్యను ఈఆర్‌సీపీ అంటారు. ఈ విద్యకు హైదరాబాద్ పేరు ప్రపంచమంతా వినపడేలా చేసినవారిలో ఏఐజీ ఆసుపత్రి స్థాపకులు డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి గారు ముందుంటారు. కర్నూలు వైద్య కళాశాలలో చదివిన మన తెలుగు డాక్టరు. 2025లో పద్మవిభూషణ్ అందుకున్నారు. సన్నబడిన చోట స్టెంటు ఒకసారి పెడితే సరిపోదు. ప్లాస్టిక్ స్టెంట్లయితే మూడు నెలలకోసారి మారుస్తూ, సంఖ్య పెంచుతూ, దాదాపు ఏడాది పాటు కొనసాగించాలి. దురద తగ్గిందని మధ్యలో మానేస్తే స్టెంటు పూడుకుపోయి నాళంలో చీము పట్టవచ్చు. నాళాన్ని పేగుకు కలిపినవాళ్లలో ఎండోస్కోపు అక్కడిదాకా చేరడం కష్టం. వాళ్లకు పక్కటెముకల మధ్య నుంచి సూదితో దారి చేస్తారు. అందుకే నాళాన్ని దేనికి కలిపారన్నది కూడా రోగికి తెలిసి ఉండాలి.

మార్పిడి జరిగిన ప్రతి ఇంటివాళ్లనూ అడుగుతున్నాను. డిశ్చార్జి రోజున డాక్టరుగారిని అడిగి ఒక కాగితం మీద, తెలుగులో, ఇవి రాయించుకోండి. నాళాలు ఎన్ని ఉన్నాయి? దేనికి కలిపారు? పైత్యరసం కారిందా? ధమనిలో ఇబ్బందేమైనా వచ్చిందా? ఇంటికి వెళ్లేనాటికి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ ఎంతున్నాయి? ఏ అంకె దాటితే ఫోన్ చేయాలి, ఎవరికి చేయాలి? ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోండి, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా. బోడుప్పల్‌లో గాని, నాచారంలో గాని, మీ ఊళ్లో గాని ఏ డాక్టరు దగ్గరికెళ్లినా ముందు అది చూపించండి. మార్పిడి చేసే డాక్టర్లకు కూడా నా మనవి ఇదే. ఇరవై పేజీల సమ్మరీకి ముందు ఈ ఒక్క పేజీ జత చేయండి. మీకు తెలిసింది మాకూ తెలిస్తే, మేమిక్కడ కాపలా కాస్తాం.

చివరగా, కళ్లు పచ్చబడితే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేది ఆకుపసరు, లేదంటే చేతికి వాత. మార్పిడి జరిగినవాళ్ల విషయంలో ఈ రెండూ వద్దు. పసరు కాలేయాన్నే దెబ్బతీయవచ్చు, రక్తంలో టాక్రోలిమస్ మట్టాన్ని తారుమారు చేయవచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడే మనిషికి వాత పుండు పడితే అది మానడమే కష్టం. అన్నిటికంటే నష్టం, ఆ వారం పది రోజులు చేజారిపోవడం. ఒంటిమీద దద్దు లేకుండా దురద పుట్టినా, మూత్రం ముదురు రంగులో వస్తున్నా, మలం తెల్లగా పాలిపోయినా మర్నాడే రక్తపరీక్ష చేయించుకోండి. చలి పుట్టి జ్వరం 100.4 దాటితే రాత్రి అని చూడొద్దు, క్రోసిన్ వేసి తెల్లారేదాకా ఆగొద్దు. ఆ కాగితం చేతపట్టుకుని మార్పిడి చేసిన ఆసుపత్రికే నేరుగా బయలుదేరండి. బయలుదేరేటప్పుడే అక్కడి కోఆర్డినేటర్‌కు ఫోన్ చేయండి.